రిచర్డ్ థాంప్సన్ గిటారును తిరుపతిలో కూర్చుని ఎలా నేర్చుకోవాలి

బైరాగిపట్టెడలో మా మేడ మీద గదిలో గిటార్ నేర్పడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటింది. వచ్చే పిల్లల్లో నూటికి తొంభై మంది మొదటి రోజే అడిగేది ఒకటే, "సార్, ఆ సోలో నేర్పించండి" అని ఫోన్‌లో ఏదో ఇంగ్లీషు బ్యాండు పాట చూపిస్తారు. నేర్పిస్తే వస్తుంది, మూడు నాలుగు నెలల్లో వేళ్ళు తిరుగుతాయి, కాలేజీ ఫెస్టులో వాయిస్తారు, చప్పట్లు పడతాయి, తర్వాతి ఏడాదికి గిటారు బీరువా మీదికి ఎక్కుతుంది. వాళ్ళకు ఆసక్తి లేక ఎక్కలేదు. వాయించడానికి తమదంటూ ఏమీ లేక ఎక్కింది. ఇది చూసి చూసి, ఒక గిటారిస్టు ఇన్ని దశాబ్దాలు ఎలా వాయిస్తాడో ఒక్క మనిషిని పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూపించాలని నాకు అనిపించింది. ఆ మనిషి రిచర్డ్ థాంప్సన్. ఆయన దగ్గర్నుంచి ఏం తీసుకోవాలి, ఏ వరసలో వినాలి, విన్నది మన చేతికి ఎలా ఎక్కించుకోవాలి, ఇవన్నీ నేను చేసి చూసినవే, చెప్తాను.

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. 1949లో లండన్‌లో పుట్టాడు. తండ్రి స్కాట్లాండు నుంచి వచ్చిన పోలీసు, ఇంట్లో గిటారు, జాజ్ రికార్డులు, స్కాట్లాండు పాటలు ఉండేవి. 1967లో పద్దెనిమిదేళ్ళ వయసులో స్నేహితులతో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండులో చేరాడు. మొదట్లో వాళ్ళు కూడా అందరిలాగే అమెరికా పాటలే వాయించారు. రెండేళ్ళు తిరిగేసరికి "మన ఊరి పాత పాటలనే రాక్ లో ఎందుకు వాయించకూడదు" అనే చోటికి వచ్చారు. అప్పటి నుంచి 2024లో, డెబ్బై అయిదేళ్ళ వయసులో తెచ్చిన ఆల్బమ్ దాకా ఆయన ఆ వేరును వదల్లేదు. ఇక్కడ నేను చెప్పే పద్ధతి అంతా ఆ వేరు చుట్టూనే తిరుగుతుంది.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, 1967 నుంచి మాత్రం వద్దు. వరసగా సంవత్సరాలు పట్టుకుని వెళ్తే రెండో వారానికే విసుగొస్తుంది, ఎందుకంటే ఏం వినాలో చెవికి ఇంకా తెలియదు. 1991 నాటి '1952 విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్' పాటతో మొదలుపెట్టండి, అదీ ఒక్కడే అకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని) గిటారుతో స్టేజి మీద పాడే వీడియో. ఒక కుర్రాడు, ఒక అమ్మాయి, ఒక పాత మోటారు సైకిలు, అంతే కథ. మొదటిసారి కళ్ళు మూసుకుని వినండి, ఇద్దరు వాయిస్తున్నారనుకుంటారు. రెండోసారి కుడిచెయ్యి మాత్రమే చూడండి. బొటనవేలు, చూపుడు వేలు మధ్య పిక్ (తీగ మీటే చిన్న పలక) ఉంటుంది, అది కింది స్థాయి తీగల మీద ఆగకుండా నడుస్తుంటుంది, మధ్యవేలు, ఉంగరపు వేలు ఖాళీగా ఉండకుండా పై తీగలను మీటుతుంటాయి. దీన్ని హైబ్రిడ్ పికింగ్ అంటారు. ఆయన గొంతు ఆగినా, ఎడమచెయ్యి ఎక్కడికి పోయినా, ఆ నడక ఆగదు. నేను ఈ ఒక్క వీడియోను నెల రోజులు చూశాను, మీరూ చూడండి, తొందరపడొద్దు.

ఇప్పుడు గిటారు చేతిలోకి తీసుకోండి. విన్సెంట్ పాట ట్యూనింగ్ వేరే, అన్నిటికంటే లావుగా ఉండే ఆరో తీగను ఈ (E) స్వరం నుంచి సి (C) దాకా, అయిదో తీగను ఏ (A) నుంచి జి (G) దాకా దించి, మూడో ఫ్రెట్ (గిటారు మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) మీద క్యాపో, అంటే తీగలన్నిటినీ కలిపి నొక్కిపెట్టే క్లిప్పు, పెట్టాలి. కానీ కొత్తవాళ్ళకు నేను దానికంటే ముందు డి-ఏ-డి-జి-ఏ-డి (DADGAD) ట్యూనింగ్ చెప్తాను. ఇది 1960లలో డేవీ గ్రాహమ్ అనే ఇంగ్లండు గిటారిస్టు వల్ల వ్యాప్తిలోకి వచ్చింది, థాంప్సన్ కూడా వాడతాడు. ఆరో తీగ ఈ నుంచి డి కి, రెండో తీగ బి నుంచి ఏ కి, ఒకటో తీగ ఈ నుంచి డి కి దించండి, మిగతా మూడూ కదపొద్దు. దించేటప్పుడు కావాల్సిన స్వరం కంటే కొంచెం కిందికి దించి మళ్ళీ పైకి తెండి, లేదంటే తీగ నట్ (మెడ చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) దగ్గర ఇరుక్కుని పాట మధ్యలో జారుతుంది.

దించాక ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఆరు తీగల మీద నెమ్మదిగా ఒకసారి పిక్ లాగండి. డి ని షడ్జమం అనుకుంటే వినిపించేది స, ప, స, మ, ప, స. తంబూరాకు దగ్గరగా ఉంటుంది. నాకు ఇది మొదటిసారి తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయన భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు, ఇంట్లో పొద్దున లేస్తే శ్రుతిపెట్టె మోగుతుండేది, నేనేమో అది పాతకాలం సంగతి, గిటారు వేరే లోకం అనుకుని పదేళ్ళు గడిపాను. రెండూ ఒకే గుమ్మం నుంచి లోపలికి వెళ్ళొచ్చని నాకు చెప్పింది లండన్ మనిషి.

కుడిచేతి సాధనకు మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని లయ చెప్పే పరికరం) అరవైలో పెట్టుకోండి. తకధిమి నోటితో అనండి. 'త' మీద పిక్ తో ఆరో తీగ, 'క' మీద మధ్యవేలితో రెండో తీగ, 'ధి' మీద పిక్ తో నాలుగో తీగ, 'మి' మీద ఉంగరపు వేలితో ఒకటో తీగ. ఇంతే. రోజూ పది నిమిషాలు, ఎడమచెయ్యి ఒడిలో పెట్టుకుని. మొదటి వారం ఉంగరపు వేలు మొరాయిస్తుంది, పిక్ జారిపోతుంది, పిక్ ను మరీ గట్టిగా పట్టుకుంటే మణికట్టు నొప్పి పుడుతుంది. సన్నటి పిక్ అయితే బేస్ తీగ మీద వంగిపోతుంది కాబట్టి కాస్త మందంగా ఉండేది తీసుకోండి. రెండో వారం చివర్లో నోటితో తకధిమి ఆపి, ఎవరితోనైనా మాట్లాడుతూ వాయించగలుగుతున్నారో లేదో చూసుకోండి. మాట్లాడినా చెయ్యి ఆగకపోతే అప్పుడు ఎడమచేతికి పని ఇవ్వొచ్చు. మా దగ్గర ఒక అమ్మాయి వాళ్ళమ్మతో ఫోన్‌లో కూరగాయల లెక్క మాట్లాడుతూ వాయించి చూపించింది, ఆ రోజు నుంచి నేను పెట్టే పరీక్ష అదే.

ఎడమచేతికి మొదట ఒకే తీగ చాలు. ఒకటో తీగ మీద ఖాళీగా, తర్వాత 2, 3, 5, 7, 9, 10, 12 ఫ్రెట్లు. ఇది కర్ణాటక సంగీతంలో ఖరహరప్రియ రాగం, ఇరవై రెండో మేళకర్త (మూల రాగం). ఇంగ్లీషు వాళ్ళు ఈ స్వరాలనే డోరియన్ అంటారు, వాళ్ళ పల్లె పాటలు చాలా ఇందులో ఉంటాయి. మూడో ఫ్రెట్ బదులు నాలుగో ఫ్రెట్ నొక్కితే హరికాంభోజి, వాళ్ళ మిక్సోలిడియన్. థాంప్సన్ సోలోలు మిగతా రాక్ గిటారిస్టుల సోలోలలా ఎందుకు వినిపించవో ఇక్కడ అర్థమవుతుంది. రాక్ లో ఎక్కువమంది బ్లూస్ అనే అమెరికా నల్లజాతి సంగీతంలోని అయిదు స్వరాల మీద ఆడుకుంటారు. ఈయన స్కాట్లాండు బ్యాగ్‌పైపు, ఫిడేలు, అకార్డియన్ వాయించే వరసల నుంచి వస్తాడు. బ్యాగ్‌పైపులో కింద ఒక స్వరం ఆగకుండా మోగుతుంటే పైన పాట నడుస్తుంది, మన నాదస్వరానికి పక్కన శ్రుతి పట్టినట్టు. స్వరానికీ స్వరానికీ మధ్య ఆయన తీగను లాగే తీరు, ఒక స్వరాన్ని తాకీ తాకనట్టు విడిచే తీరు వింటే మనకు గమకం గుర్తొస్తుంది. రెండూ ఒకటే అని నేను అనను, గమకానికి దాని శాస్త్రం దానికి ఉంది. కానీ శ్రుతి మోగుతుంటే పాట ఎలా ఊగాలో చిన్నప్పటి నుంచీ విన్న చెవికి ఈయన దగ్గరి దారి.

ఈ సాధన ఒక రెండు నెలలు నడిచాక 1969కి వెళ్ళండి. ఆ ఒక్క ఏడాదిలో ఫెయిర్‌పోర్ట్ మూడు ఆల్బమ్‌లు తెచ్చింది. మధ్యలో మే 12న కచేరీ చేసి తిరిగి వస్తుంటే వ్యాను బోల్తా పడింది, డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్, థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ చనిపోయారు. థాంప్సన్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు. బ్యాండు ఆగిపోయి ఉండాలి. ఆగకుండా పల్లెలో ఒక ఇల్లు తీసుకుని, కొత్త డ్రమ్మర్‌తో, డేవ్ స్వార్‌బ్రిక్ అనే ఫిడేలు వాద్యకారుడితో ఎండాకాలమంతా సాధన చేసి, డిసెంబరులో 'లీజ్ అండ్ లీఫ్' తెచ్చారు. బ్యాండులో బేస్ వాయించే ఆష్లీ హచింగ్స్, లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో కూర్చుని పాత పాటలు వెతికాడు. సెసిల్ షార్ప్ 1903 నుంచి ఊరూరా తిరిగి రైతులు, కూలీలు, ముసలమ్మలు పాడే పాటలను స్వరాలతో రాసుకున్న మనిషి. అంటే రాక్ బ్యాండుకు కావాల్సిన పాట అరవై ఏళ్ళ ముందు ఎవరో రాసిపెట్టారు కాబట్టి దొరికింది.

'లీజ్ అండ్ లీఫ్' వినే ముందు, అదే ఏడాది దానికంటే ముందొచ్చిన ఆల్బమ్‌లో 'ఎ సెయిలర్స్ లైఫ్' ఒక్కటి వినండి. పదకొండు నిమిషాలు ఉంటుంది. శాండీ డెన్నీ పాడుతుంది, మొదట్లో గిటారు కేవలం శ్రుతి పట్టినట్టు ఉంటుంది, డ్రమ్స్ అల వచ్చి పోయినట్టు ఉంటాయి, పాట అయ్యాక ఫిడేలు, గిటారు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పైకి పోతాయి. ఇక్కడ కాగితం, పెన్ను పెట్టుకుని నిమిషాల లెక్కన రాయండి, గిటారు ఎప్పుడు శ్రుతిగా ఉంది, ఎప్పుడు పాటకు జవాబు చెప్పింది, ఎప్పుడు ముందుకొచ్చింది. నేను రాసుకున్న కాగితం ఇప్పటికీ గిటార్ పెట్టెలో ఉంది. దాంట్లో మొదటి మూడు నిమిషాల ఎదురుగా "ఏమీ చెయ్యలేదు, కానీ ఉన్నాడు" అని రాసుంది.

ఇక ఇప్పుడు అసలు పని. ఇది చెయ్యకపోతే పైన చెప్పిందంతా ఇంకొకరి పాట కాపీ కొట్టడమే అవుతుంది. మన సెసిల్ షార్ప్ పని మనం చెయ్యాలి. మా అవ్వది కాణిపాకం దగ్గర పల్లె. శనక్కాయలు ఒలిచేటప్పుడు నలుగురైదుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని పాడేవాళ్ళు, ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు చివర్లో కలిపేవాళ్ళు. ఓ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఫోన్ ముందు పెట్టి పాడమన్నాను. "ఏందబ్బోడా, ఇప్పుడు పాడితే రాదు, కాయలు తీసుకురా" అంది. నిజంగానే చేట నిండా కాయలు తెచ్చి ముందు పోశాక, ఒలవడం మొదలుపెట్టాక, పాట వచ్చింది. కాయ పగిలే చప్పుడు తాళం. కాయ చిట్లుతుంది, గింజ చేటలో పడుతుంది, ఆ రెండు చప్పుళ్ళ మధ్య పాటలో మాట పడుతుంది. దాన్ని ఇంటికొచ్చి డి-ఏ-డి-జి-ఏ-డి లో పెట్టుకుని చూస్తే, మొత్తం పాట అయిదు స్వరాల్లో ఉంది, ఎడమచెయ్యి ఏడో ఫ్రెట్ దాటి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు.

కాబట్టి రికార్డు చేసేటప్పుడు పాడేవాళ్ళను పనిలో ఉండగానే పాడనివ్వండి, పాట అయ్యాక మాటలు నెమ్మదిగా చెప్పించుకుని వేరేగా రికార్డు చెయ్యండి, ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పనికి పాడతారో అడిగి అదే ఫైలులో మీ గొంతుతో చెప్పి పెట్టండి. తేదీ కూడా చెప్పండి. పాడినవాళ్ళకు తెలియకుండా ఎక్కడా పెట్టొద్దు. జోల పాట, గొబ్బి పాట, కోలాటం, చెక్కభజన, ఏదైనా ఫర్వాలేదు. మే నెలలో గంగమ్మ జాతరప్పుడు తాతయ్యగుంట వైపు వెళ్ళి డప్పుల నడక రికార్డు చేసుకోండి, మెట్రోనోమ్ బదులు దానితో కుడిచేతి సాధన చేస్తే చెయ్యి వేరేగా పలుకుతుంది.

అన్నమయ్య సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1408లో పుట్టి 1503 దాకా బతికిన మనిషి, రాగిరేకుల మీద వేల సంకీర్తనలు చెక్కి ఉన్నాయి, రేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. ఆయన పాడిన వరస పోయింది. ఇప్పుడు మనం వినేవాటిలో చాలా వరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటి పెద్దలు తర్వాత కట్టినవే. జాజర, ఏల, చందమామ లాంటి జానపద పాటల పద్ధతుల్లో కూడా ఆయన రాశాడంటే, అయిదు వందల ఏళ్ళ కిందట ఈ కొండ చుట్టుపక్కల జనం ఏం పాడుకునేవాళ్ళో ఆయన చెవిన పడిందనే కదా. మీ అవ్వ పాట ఫోన్‌లో దాచుకోండని నేను పిల్లల వెంటపడేది ఇందుకే.

థాంప్సన్ కూడా ఇలా వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాడు. 1999లో ఒక అమెరికా పత్రిక, ఈ సహస్రాబ్దిలో గొప్ప పాటలు ఏవో జాబితా ఇవ్వమని సంగీతకారులను అడిగింది. వాళ్ళ ఉద్దేశం గత నలభై యాభై ఏళ్ళు. ఈయన మాత్రం మధ్యయుగాల నుంచి మొదలుపెట్టి జాబితా రాశాడు. వాళ్ళు వేసుకోలేదు. ఆ జాబితానే కచేరీగా మార్చి, పదమూడో శతాబ్దపు పాట నుంచి బ్రిట్నీ స్పియర్స్ పాట దాకా గిటారు మీద వాయించి, ఆల్బమ్ కూడా తెచ్చాడు. మీరూ ఒక కాగితం మీద అన్నమయ్య నుంచి ఈ ఏడాది సినిమా పాట దాకా పది రాయండి, ఒక్కో శతాబ్దానికి ఒక్కటైనా ఉండేలా, పదీ ఒకే గిటారుతో వాయించే ప్రయత్నం చెయ్యండి. నాకు పద్దెనిమిదో శతాబ్దం దగ్గర ఇంకా సరైనది కుదర్లేదు, త్యాగరాజు గారి కృతి గిటారు మీద నాకు న్యాయం చెయ్యడం రావట్లేదు, వెతుకుతున్నాను.

ఆయన నడి జీవితం వినేటప్పుడు పాటలతోపాటు పని గురించి కూడా చూడండి. 1971లో బ్యాండు వదిలేశాడు. 1972లో మొదటి సొంత ఆల్బమ్ దాదాపు ఎవరూ కొనలేదు. ఆ రోజుల్లో వేరేవాళ్ళ రికార్డులకు వాయించి బతికాడు. భార్య లిండాతో కలిసి 1974లో తెచ్చిన 'ఐ వాంట్ టు సీ ద బ్రైట్ లైట్స్ టునైట్' ఆల్బమ్‌లో టైటిల్ పాట వినండి, దాంట్లో మాంచెస్టర్ బ్రాస్ బ్యాండు వాయిస్తుంది, మన పెళ్ళి బ్యాండు మేళాన్ని రాక్ పాటలోకి తెచ్చినట్టు. తర్వాత సూఫీ మార్గంలోకి వెళ్ళి, 1975 తర్వాత కొన్నేళ్ళు సంగీతానికి దూరంగా ఉండి, 1978లో మళ్ళీ వచ్చాడు. 1982లో ఇద్దరి చివరి ఆల్బమ్ 'షూట్ అవుట్ ద లైట్స్'. మొదట ఒకసారి రికార్డు చేసింది బయటికి రాకుండా ఆగిపోతే, పాటలను మళ్ళీ కొత్తగా రికార్డు చేశారు. అది వచ్చేసరికి కాపురం విరిగిపోయింది, అయినా కలిసి అమెరికా టూరు పూర్తి చేశారు. టైటిల్ పాటలో ఎలక్ట్రిక్ గిటారు వినండి, ఒకే స్వరం దగ్గర ఆగి దాన్ని వంచి వంచి వదిలే చోట నేను ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను.

ఆ తర్వాత ఆయన బ్యాండుతో సమానంగా ఒంటరిగా అకౌస్టిక్ కచేరీలు చెయ్యడం మొదలుపెట్టాడు. ఊళ్ళలో వాయించేవాళ్ళకు దీనికంటే పనికొచ్చే పాఠం లేదు. నాలుగేళ్ళ కిందట తిరుచానూరు రోడ్డులో ఒక రిసెప్షన్, బుక్ చేసిన ఈవెంట్ అతను కీబోర్డు మనిషికి అడ్వాన్స్ ఇవ్వలేదు, దాంతో కీబోర్డు మనిషి రాలేదు, ఏడున్నరకు స్టేజి మీద నేనొక్కణ్ణి. టెన్షన్‌తో చెమటలు పట్టాయి. గిటారును డి-ఏ-డి-జి-ఏ-డి కి దించుకుని నలభై నిమిషాలు వాయించాను, సినిమా పాటలు రెండు, మధ్యలో అవ్వ పాట. భోజనాల వైపు వెళ్ళే ఒక పెద్దాయన ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయి, "ఇది మావైపు పాట కదబ్బా" అన్నాడు. ఆయనది పలమనేరు వైపట. అందుకే మీ దగ్గర ఎప్పుడూ ఒక్కరే వాయించగలిగే ముప్పావు గంట సరుకు సిద్ధంగా ఉండాలి, పది పాటలు, రెండే ట్యూనింగులు, ఒకే ట్యూనింగులో ఉన్నవన్నీ పక్కపక్కన. పాట పాటకూ తీగలు తిప్పుతూ కూర్చుంటే హాలు చేజారిపోతుంది.

గిటారు ఆరోగ్యం గురించి త్వరగా చెప్పేస్తాను. సి దాకా దించే అలవాటు ఉంటే మామూలు లైట్ (సన్న తీగల) సెట్లోని 53 ఆరో తీగ వదులైపోయి ఫ్రెట్ల మీద గరగరలాడుతుంది, 56 వేసుకోండి (ఈ అంకెలు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). మన ఎండల్లో కారులో గిటారు వదలొద్దు, నేను ఒక మధ్యాహ్నం బస్టాండు దగ్గర కారులో పెట్టి భోజనానికి వెళ్ళొచ్చేసరికి బ్రిడ్జ్ (తీగలు కట్టే చెక్క) కింద జిగురు మెత్తబడి వెనక అంచు లేచింది. నవంబరు వానల్లో చెక్క ఉబ్బి తీగల ఎత్తు మారుతుంది, ట్రస్ రాడ్ (మెడ లోపలుండే ఇనుప కడ్డీ) తిప్పాల్సి వస్తే ఒకసారికి పావు చుట్టు కంటే ఎక్కువ వద్దు, తిప్పి ఒక రోజు ఆగి చూడండి. చెమట చేతులైతే వాయించాక ప్రతిసారీ తీగలు పొడిబట్టతో, కింది వైపు కూడా తుడవండి.

చివరగా 2024 నాటి 'షిప్ టు షోర్' పెట్టుకోండి. ఏడాది కిందట చూసిన 1991 నాటి పాట వీడియో, ఈ ఆల్బమ్ ఒకే రోజు, ఒకదాని తర్వాత ఒకటి. గొంతు ముదిరింది, తెలుస్తుంది. గిటారులో శ్రుతి ఎక్కడుందో, నడక ఎక్కడుందో ఈసారి మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వింటూ వింటూ మీ కుడిచెయ్యి తొడ మీద తకధిమి వేస్తుంటే, ఫోన్‌లో దాచిన పాట తీసి, ఆరో తీగ డి కి దించుకోండి.